కరెంటు పెట్టించుకునే అమ్మ దగ్గరికి పాపను పంపవచ్చా?

మీ అమ్మగారికి గొంతు క్యాన్సర్‌కు వచ్చే నెల నుంచి రేడియేషన్ ఇస్తారని, మూడేళ్ల పాపను ఆమె దగ్గరికి వెళ్లనివ్వవచ్చా అని, శరీరానికి ఏమవుతుందని అడిగారు. బయటి నుంచి మిషన్‌తో ఇచ్చేదైతే నిశ్చింతగా పంపండి. నేను పంపలేదు, అందుకే ముందుగా ఈ మాట చెబుతున్నాను.

మా అమ్మకు నాలుక ఆపరేషన్ తర్వాత ఇక్కడే చెన్నైలో 33 సిట్టింగులు కరెంటు పెట్టారు. రేడియేషన్ ఇవ్వడాన్ని మా నెల్లూరు వైపు ఇప్పటికీ కరెంటు పెట్టడమనే అంటారు, కరెంటుకూ దానికీ సంబంధం లేకపోయినా. బంధువుల మాట విని మొదటి వారమంతా మా అబ్బాయిని ఆమె గదిలోకి వెళ్లనివ్వలేదు. వాడు గుమ్మంలో నిలబడి బొమ్మల పుస్తకం ఎత్తి చూపిస్తే, అమ్మ మంచం మీది నుంచే పేజీ తిప్పమని సైగ చేసేది. చివరికి టెక్నీషియన్‌ను అడిగాను. మిషన్ ఆపితే కిరణాలూ ఆగిపోతాయని, దీపం ఆర్పాక వెలుగు గోడలకు అంటుకుని ఉండదు కదా అని చెప్పారు. ఆ సాయంత్రమే వాణ్ణి పంపాను. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ (కిరణాలు వెలువరించే అయోడిన్ మందు) మింగించినప్పుడు మాత్రం, అది ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, కొన్నాళ్లు పిల్లలను దూరంగా ఉంచాలి. ఎన్నాళ్లో డాక్టరే చెబుతారు.

ఇక శరీరం సంగతి. కిరణం కణంలోని డీఎన్ఏను తెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణం చాలావరకు దాన్ని అతికించుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ శక్తి తక్కువ. అందుకే అమ్మకు రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు) చొప్పున, కోలుకునే వ్యవధి ఇస్తూ మొత్తం 66 గ్రే ఇచ్చారు, అదీ ఆ చోటికే. ఒళ్లంతటికీ ఒకేసారి 4 గ్రే తగిలితే ఎముక మజ్జ దెబ్బతింటుంది, వైద్యం అందకపోతే సుమారు సగం మంది బతకరు. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదంలో 134 మంది అలా జబ్బుపడితే, కొన్ని నెలల్లోనే 28 మంది పోయారు. మనవాళ్ల మనసుల్లో ఉన్నది ఆ భయం.

అలాగని చికిత్స తేలికేమీ కాదు. త్వరత్వరగా పుట్టే కణాలకు దెబ్బ ఎక్కువ, నోటి లోపలి పొర అలాంటిదే. రెండు వారాలు "నాకేం లేదురా" అన్న అమ్మకు మూడో వారంలో పెరుగన్నం కూడా మండింది. ఏది పెట్టినా బూడిద నమిలినట్లుందనేది. మెడ నల్లబడి పొలుసులు లేచింది. సిట్టింగులో తల కదలకుండా ముఖానికి బిగించే వల మాస్కు అచ్చులు ఇంటికి వచ్చేదాకా నుదుటి మీద గళ్లు గళ్లుగా కనిపించేవి. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించేది. బాగా చల్లార్చిన రాగిజావ మాత్రం దిగేది. కారం, పులుపు పూర్తిగా మానేశాం. రుచి తిరిగి రావడానికి నెలలు పట్టింది. నోరు మాత్రం ఇప్పటికీ ఎండిపోతుంది, మంచం పక్కన నీళ్ల సీసా ఉండాల్సిందే.

ఒక విషయం మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే ఆ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. తీయాల్సిన పళ్లు ఉంటే ముందే తీయించాలి, ఆ పుండు మానడానికి కూడా రోజులు కావాలి. మీకు ఇంకా సమయం ఉంది కాబట్టి ఈ వారమే అమ్మగారిని పళ్ల డాక్టరుకు చూపించండి.