బావగారి గురించి రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న సంవత్సరీకం నాటికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం వేయించాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. చాలా మంచి పని తలపెట్టావు. మనం మిలిటరీ మాధవరం పక్క ఊరివాళ్లం. సైన్యంలో చేసినవాళ్లు లేని ఇల్లు ఈ చుట్టుపక్కల అరుదు. నేను కూడా యూనిట్ ఆఫీసులో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి, పెద్దకర్మలకీ సంవత్సరీకాలకీ ఇలాంటివి రాసిపెట్టమని చాలామంది నా దగ్గరికి వస్తుండేవారు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సాధారణంగా అందరూ ముందు సగం మిలిటరీ, వెనక సగం సంసారం అని రెండు ముక్కలు చేసి రాస్తారు. మొదటి ముక్కలో యుద్ధాలు, పతకాలు ఉంటాయి. రెండో ముక్కలో ఆదర్శ భర్త, ప్రేమమూర్తి అయిన తండ్రి ఉంటాడు. చదివేవాళ్లకి ఇద్దరు వేరే మనుషుల గురించి చదువుతున్నట్టు ఉంటుంది. మీ నాన్న సరిహద్దులో ఉండి కూడా ఇల్లు నడిపారు, ఇంటికొచ్చాక కూడా సిపాయిలాగే బతికారు. అందుకని ఒక పెద్ద కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ పక్క ఆయన సర్వీసు, కుడి పక్క ఇంట్లో జరిగినవి, ఏ ఏడాదివి ఆ ఏడాదికి ఎదురెదురుగా రాసుకో. ముందు ఆ కాగితం నింపు. రాయడం గురించి తర్వాత ఆలోచించవచ్చు.

ఎడమ పక్కకి ముఖ్యంగా కావలసింది డిశ్చార్జి బుక్. మా అక్క బీరువాలో పెన్షన్ కాగితాలతో పాటు ఉంటుంది చూడు. భర్తీ అయిన తేదీ, రిటైరైన తేదీ, ర్యాంకు, వచ్చిన పతకాలు అందులో ఉంటాయి. అది దొరక్కపోతే, మీ నాన్న చేసిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం బెంగుళూరులోనే ఉంది, అక్కడి రికార్డు ఆఫీసుకి ఆయన ఆర్మీ నంబరు వేసి అక్క సంతకంతో ఉత్తరం పంపు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగినా ఎలా రాయాలో చెబుతారు.

ఆ రికార్డుల్లో మీరూ ఉన్నారని నీకు తెలుసా? జవానుకి పెళ్లైనా, బిడ్డ పుట్టినా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్, అంటే సర్వీసు రికార్డులో చేర్చే ఉత్తర్వు, వేస్తారు. అలాంటివి నేను టైపు కొట్టేవాణ్ణి. బిడ్డ మొహం ఇంకా చూడని తండ్రి నా టేబుల్ ముందు నిలబడి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం మడత విప్పి, పేరులో ఒక్క అక్షరం కూడా తప్పు పోకూడదని పదేపదే చెప్పేవాడు. మీ నాన్న వేరే యూనిట్ కాబట్టి ఆయన్ని అలా చూసే అవకాశం నాకు రాలేదు. కానీ మీ ముగ్గురి కోసం ఆయన కూడా ఎవరో ఒక క్లర్కు ముందు అలాగే నిలబడి ఉంటారు.

పతకాల విషయంలో జాగ్రత్త. రంగురంగుల రిబ్బన్లు చూసి మనవాళ్లు అన్నిటినీ శౌర్య పతకాలనేస్తారు. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని అంచూ వెనక వైపూ చూడు, నంబరు, ర్యాంకు, పేరు సన్నటి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ 1965 యుద్ధానివి. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ 1971వి. ఇవి ఆ సమయంలో విధుల్లో ఉన్నవాళ్లకి ఇచ్చినవి, ప్రత్యేకంగా ఒక సాహసానికి ఇచ్చినవి కావు. అదేం చిన్న విషయం కాదు. ఉన్నది ఉన్నట్టు పేరుతో సహా రాస్తే ఆయన తోటి జవాన్లు చదివి తల ఊపుతారు. పెంచి రాస్తే మొదట నొచ్చుకునేదీ వాళ్లే.

నువ్వు పుట్టింది 1971 నవంబరులో. డిసెంబరు మూడున యుద్ధం వచ్చింది. మీ నాన్న యూనిట్ శకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉంది. అక్కడ శత్రువు పాతిన మందుపాతరలు తీసి మన ట్యాంకులకి దారి చేసింది మద్రాస్ సాపర్లే, అంటే ఆ మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ జవాన్లే, పైనుంచి గుండ్లు పడుతుండగానే. ఆ దారిన నది దాటిన పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకుల్లోనే అరుణ్ ఖేత్రపాల్ డిసెంబరు 16న ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందాడు. అదే రోజు ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఇవన్నీ చరిత్రలో ఉన్నవే, నిర్భయంగా రాయి. ఆ రాత్రుల్లో మీ నాన్న స్వయంగా ఏం చేశారన్నది ఆయన నాకే కాదు, అక్కకి కూడా చెప్పలేదు. మీ అబ్బాయి అక్కడ నాలుగు డైలాగులు పెడదామంటున్నాడట, వద్దని చెప్పు. ఆయన చెప్పలేదన్న మాటే రాయండి. గీతకి అటు పక్క, నెల కూడా నిండని నిన్ను ఒళ్లో పెట్టుకుని అక్క ప్రతి రాత్రీ రేడియో వార్తలు విన్న సంగతి రాయి. ఆ పేజీకి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇక కుడి పక్క. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, 56 ఏపీఓ అని సైనిక తపాలా కార్యాలయం గుర్తు మాత్రమే ఉంటుంది. తేదీ చూసుకుని ఎడమ పక్కతో సరిపోల్చుకుంటే ఏ ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది. ఉత్తరాల కన్నా నాకు మనియార్డరు కూపన్లు విలువైనవి అనిపిస్తాయి. ఫారం అడుగున ఉండే ఆ చిన్న ముక్కలో రెండు లైన్లకి మించి పట్టవు. మీ నాన్న వాటిలోనే కొడుకు ఫీజు, గేదె ఈనిందా లేదా, మీ నానమ్మ కళ్లద్దాలు, అన్నీ ఇరికించి రాసేవారు. అక్క వాటిని దారానికి గుచ్చి పెట్టింది. దారం విప్పకుండా, వరస మారకుండా ఫొటోలు తియ్యి.

అక్కని కూర్చోబెట్టి, ఎదురుగా ఫోన్ పెట్టి, "నాన్న ఎలాంటివాడమ్మా" అని అడగకు. దేవుడిలాంటి మనిషి అంటుంది, కళ్లొత్తుకుంటుంది, అక్కడితో ఆగిపోతుంది. చిక్కుళ్లు ఒలుస్తూ పక్కన కూర్చుని చిన్న చిన్నవి అడుగు. సెలవు మీద వచ్చినప్పుడు ట్రంకు పెట్టెలో ఏం తెచ్చేవారు? బెజవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికి ఎలా వచ్చేవారు? తిరిగి వెళ్లే రోజు ఏం వండేది? పెద్దవాళ్ల జ్ఞాపకం ఇలాంటి వాటిని పట్టుకునే కదులుతుంది.

మీ అన్నయ్య మాట కూడా పుస్తకంలోకి రానివ్వు. చిన్నప్పుడు సెలవుకి వచ్చిన తండ్రిని కొత్తవాడనుకుని తలుపు వెనక దాక్కునేవాడు. తీరా చేరువయ్యేసరికి సెలవు అయిపోయేది. రిటైరయ్యాక ఐదింటికే లేపుతుంటే చిరాకు పడ్డాడు, మాటా మాటా అనుకున్నారు కూడా. సంవత్సరీకం పుస్తకంలో ఇవెందుకని నీకు అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఇవి ఉంటేనే, ఆ ఉద్యోగం కోసం మీ నాన్న ఏం వదులుకున్నారో చదివేవాళ్లకి తెలుస్తుంది.

బ్యాంకులో గార్డుగా చేసిన కాలానికి ఒక పేరా చాలు. ఎక్కువ చోటు మీ నానమ్మ మంచాన పడ్డ రోజులకి ఇవ్వు. ఆవిడ దుప్పటి ఆయనే రోజూ మార్చేవారు, బారక్‌లో పరిచినట్టు మూలలు బిగించి మడిచి, ఎక్కడా ముడత లేకుండా. ముడత ఉంటే వీపు పుండు పడుతుందనేవారు. నేను వెళ్లిన ఒకసారి ఆవిడ నిద్రలో ఉంటే, గోళ్లు తీసి, ఒక్కొక్క వేలూ తడి గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి కూడా లేవలేదు, కూర్చోమని కళ్లతోనే సైగ చేశారు. ఆయన్ని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది యూనిఫాం కాదమ్మా, ఆ వంగిన వీపు.

బెంగుళూరు గ్రూపు ఫొటో ఒకటుంది కదా, దాన్ని ఆలస్యం చేయకుండా ఆయన తోటివాళ్లలో మిగిలిన ఇద్దరికీ చూపించి ఎవరెవరో రాయించు. ఇద్దరికీ ఎనభై దాటాయి. మరో మాట, పుస్తకానికి సంబంధించింది కాదు. పీపీఓలో, అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో, అక్క పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో ఈ వారమే చూడు. ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోయేది ఎక్కువగా అలాంటి తేడాల వల్లే.

కాగితం రెండు పక్కలా నిండాక జిరాక్స్ తీసి నాకు పంపు. సర్వీసు తేదీలు, ర్యాంకులు నేను సరిచూస్తాను. కుడి పక్క అక్కకి చదివి వినిపించాకే ప్రెస్సుకి ఇవ్వు.

మీ మామయ్య