‘ఆసిఫై’ అన్న మాట గురించి యువ రచయితకు

నల్లగొండ

చిరంజీవి తమ్మునికి ఆశీస్సులు.

మర్రిగూడ ప్రాంతపు ఫ్లోరైడ్ బాధితుల మీద నీవు రాసిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వైద్యగ్రంథాల్లోని ‘ఆసిఫై’ అన్న ఇంగ్లీషు మాటను నీవు ప్రతిచోటా ‘ఘనీభవించు’ అని రాశావు. అది నీరు మంచు కావడానికో, కరిగిన నెయ్యి పేరుకోవడానికో చెల్లుతుంది. ‘ఆసిఫై’లో ఉన్నది ఎముక. లాటిన్‌లో ‘ఆస్’ అంటే ఎముక కనుక, దాని మొదటి అర్థం ఎముకగా మారడమే.

ఈ మార్పు దానంతట అది రోగం కాదు. తల్లి కడుపులో బిడ్డ అస్థిపంజరం చాలా వరకు మృదులాస్థిగా ఏర్పడి క్రమంగా ఎముక అవుతుంది. ఆ పని పుట్టిన తర్వాత కూడా యౌవనం దాకా సాగుతుంది. అక్కడ ఆ మాటకు ఎదుగుదల అన్న అర్థమే ఉంటుంది. మన జిల్లాలో జరిగింది వేరు. తాగునీటిలో ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు కాగా, అంతకు ఎన్నో రెట్లున్న నీటిని ఏళ్ల తరబడి తాగినవారిలో, వంగడానికీ తిరగడానికీ వీలిస్తూ కీళ్లను పట్టి ఉంచే బంధనాలలో కాల్షియం పేరుకొని, అవి ఎముకవలె మారి, వెన్ను కొయ్యబారింది. కొందరికి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడ్డాయి. కాల్షియం పేరుకోవడం, ఎముక కణజాలం ఏర్పడడం ఒకటి కావు. వైద్యులు ఆ రెంటికీ వేర్వేరు మాటలు వాడతారు కాబట్టి, మూలంలో ఏది ఉన్నదో చూసి రాయి.

ఆచారాలకూ సంస్థలకూ ఆలోచనలకూ వాడినప్పుడు ఈ మాటలో ఎప్పుడూ నింద ఉంటుంది. ‘కరడుగట్టిన’ అంటే క్రౌర్యం తోడవుతుంది, నేరస్థుడికి సరిపోతుంది. ‘గిడసబారిన’ అంటే అసలు ఎదగలేదని అర్థం. ఒకప్పుడు చక్కగా ఎదిగి, వంగే గుణం పోగొట్టుకున్నదాన్ని చెప్పడానికి ‘కొయ్యబారడం’ అన్నదే నాకు అన్నిటికన్నా దగ్గరగా తోస్తుంది. సిమెంటుకు, ఇనుముకు మాత్రం ‘ఆసిఫై’ వర్తించదు.

‘ఆ ఊరి శరీరాలు ఘనీభవించాయి’ అన్న నీ వాక్యాన్ని తీసివెయ్యి. మెడ తిరగక, ఒళ్లంతా తిప్పి నీతో మాట్లాడిన పెద్దాయన గురించి దాని కిందే రాశావు. అక్కడ ఆ పెద్దాయన గురించిన వాక్యం ఒక్కటి చాలు. ‘ఘనీభవించిన పాలనా వ్యవస్థ’ అన్నచోట ‘కొయ్యబారిన’ అని మార్చి, వ్యాసాన్ని మళ్లీ నాకు పంపు.