బంతి లేవకముందే విస్తరి ఎత్తకమ్మా

అమ్మడూ,

నీ లినక్స్ డ్రైవర్‌లో సెషన్ టేబుల్ మీదున్న రీడ్-రైట్ లాక్ (చదివేవాళ్ళను కలిసి రానిచ్చి, రాసేవాణ్ణి ఒంటరిగా ఉంచే తాళం) పీకేసి ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్, తాళం పట్టకుండానే చదవనిచ్చే పద్ధతి) పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "లాక్ తీసేస్తోందట, పర్వాలేదా తమ్ముడూ?" అని అడిగింది. పర్వాలేదనే చెప్పాను. చెప్పానే గానీ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీ నిర్ణయం సరైనదే. ప్యాకెట్ వచ్చిన ప్రతిసారీ వెతుకులాట, సెషన్ మారేది ఎప్పుడో ఒకసారి. ఇలాంటి చోటుకే ఆర్‌సీయూ పుట్టింది. రీడ్ లాక్ అంటే చదవడమే కదా అనుకుంటాం. కానీ ప్రతి రీడరూ లాక్‌లోని లెక్కను ఒకటి పెంచి, పోతూ ఒకటి తగ్గిస్తాడు. అంటే రాస్తున్నాడన్నమాట. 64 కోర్లున్న మెషీన్‌లో ఆ లెక్క ఉన్న ఒక్క కాష్ లైన్ (కోరు దగ్గరుండే వేగమైన మెమరీలో ఒక ముక్క) కోరు నుంచి కోరుకు తిరుగుతూనే ఉంటుంది. అదే ఆర్‌సీయూ_రీడ్_లాక్ అయితే, ప్రీఎంప్షన్ (కెర్నల్‌లో నడుస్తున్న పనిని మధ్యలో ఆపి ఇంకోదాన్ని నడపడం) లేని కెర్నల్‌లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టించదు. రీడర్ వచ్చినట్టు ఎక్కడా రాసుకోడు, వెళ్ళినట్టూ రాసుకోడు.

దాని బలం అదే, నా భయమూ అదే. సెషన్‌ను తీసేసేవాడికి "ఇంకా ఎవరైనా చదువుతున్నారా?" అని అడగడానికి ఎవరూ ఉండరు. పెళ్ళి భోజనాల్లో బంతి గుర్తు తెచ్చుకో. బంతిలో కూర్చున్నవాళ్ళంతా లేచేదాకా విస్తళ్ళు ఎత్తరు. తర్వాతి బంతికి వచ్చేవాళ్ళ కోసం మాత్రం ఆగరు. గ్రేస్ పీరియడ్ అంటే అంతే. టేబుల్ నుంచి తీసేసే క్షణానికి లోపలున్న రీడర్లందరూ బయటికి రావాలి, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఆ సెషన్ ఎలాగూ కనిపించదు. ప్రీఎంప్షన్ లేని కెర్నల్‌లో ప్రతి సీపీయూ ఒక్కసారైనా కాంటెక్స్ట్ స్విచ్ (ఒక టాస్క్‌ను దించి ఇంకోదాన్ని ఎక్కించడం) చేసిందా, యూజర్ మోడ్‌కి వెళ్ళిందా, ఐడిల్‌లో పడిందా అని చూస్తారు. రీడర్ లోపల ఉండగా నిద్రపోకూడదన్న నియమం అందుకే, నిద్రపోతే కాంటెక్స్ట్ స్విచ్ జరిగి లేచిపోయినట్టే లెక్క. మ్యూటెక్స్ వద్దు, జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడగొద్దు, కాపీ_టు_యూజర్ వద్దు, ఇవన్నీ నిద్రపుచ్చగలవు. తప్పనిసరిగా నిద్రపోవాల్సిన దారి ఉంటే ఎస్‌ఆర్‌సీయూ (లోపల నిద్రపోనిచ్చే రకం) వాడు. దాని లాక్ ఇచ్చే సంఖ్యను దాచి, అన్‌లాక్‌కి అదే తిరిగివ్వు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. రాసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తొక్కుకోకుండా స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) ఉండాల్సిందే, ఆర్‌సీయూ వాళ్ళను కాపాడదు. ఉన్న సెషన్‌లోని ఫీల్డులను అక్కడికక్కడే దిద్దకు. కొత్తది కేటాయించి, కాపీ చేసి, దిద్ది, ఆర్‌సీయూ_అసైన్_పాయింటర్‌తో పెట్టు. చదివేచోట ఆర్‌సీయూ_డీరిఫరెన్స్ ఒక్కసారే పిలిచి లోకల్ వేరియబుల్‌లో ఉంచుకో. రెండుసార్లు పిలిస్తే రెండు వేర్వేరు సెషన్లు రావచ్చు.

హ్యాష్ టేబుల్‌లో తీసేటప్పుడు హ్యాష్_డెల్_ఆర్‌సీయూ వాడు, ఉత్త హ్యాష్_డెల్ కాదు. ఉత్తది ఆ నోడ్ నెక్స్ట్‌ను, అంటే గొలుసులో తర్వాతి నోడ్‌ను చూపే పాయింటర్‌ను, నల్ చేస్తుంది. సరిగ్గా ఆ నోడ్ మీదున్న రీడర్‌కు గొలుసు అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తుంది. వెనకాల ఉన్న సెషన్ బతికే ఉన్నా "లేదు" అని తిరిగొస్తాడు. క్రాష్ ఉండదు, లాగ్‌లో మాట ఉండదు, ఎప్పుడో ఒక ప్యాకెట్ పోతుంది. అలాంటిది వెతకడానికి వారాలు పడుతుంది తల్లీ.

ఇక అసలు విషయం. ఈ తప్పు ఒకప్పుడు నా చేతిలోంచే జారింది కాబట్టి విడమరిచి చెబుతున్నాను.

తప్పున్న లుకప్ ఫంక్షన్ ఇలా ఉంటుంది. రీడ్ లాక్, వెతుకు, దొరికింది, రీడ్ అన్‌లాక్, రిఫ్‌కౌంట్ (సెషన్‌ను ఎందరు పట్టుకున్నారన్న లెక్క) ఒకటి పెంచు, పాయింటర్ తిరిగివ్వు. చదవడానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. రివ్యూలో ఎవరూ ఆపరు. కానీ అన్‌లాక్‌కీ పెంపుకీ మధ్య నువ్వు బంతిలోంచి లేచిపోయావు. ఆ సందులో నీ టాస్క్‌ను షెడ్యూలర్ పక్కకు నెట్టిందనుకో. ఇంకో సీపీయూ ఆ సెషన్‌ను టేబుల్ నుంచి తీసి, చివరి రిఫరెన్స్ వదిలి, కేఫ్రీ_ఆర్‌సీయూ (గ్రేస్ పీరియడ్ అయ్యాక మెమరీ విడుదల చేసేది) పిలుస్తుంది. గ్రేస్ పీరియడ్‌కి నువ్వు అడ్డు కాదు, నువ్వు లేచావు కదా. మెమరీ విడుదలవుతుంది. స్లాబ్ (కెర్నల్‌లో మెమరీ పంచే భాగం) ఆ 256 బైట్లను ఇంకెవరికో ఇస్తుంది. అప్పుడు నీ టాస్క్ మళ్ళీ నడిచి, ఆ ఇంకెవరిదో వస్తువులో ఒక సంఖ్యను ఒకటి పెంచుతుంది. అక్కడ వాళ్ళు పొడవు పెట్టుకుంటే పొడవు పాడవుతుంది, పాయింటర్ పెట్టుకుంటే పాయింటర్ ఒక బైటు జరుగుతుంది. క్రాష్ మాత్రం నీ డ్రైవర్‌తో ఏ సంబంధమూ లేని చోట, నిమిషాల తర్వాత. స్టాక్ ట్రేస్‌లో నీ ఫంక్షన్ పేరే ఉండదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, ప్రీఎంప్షన్ లేని కెర్నల్‌లో ఈ తప్పు దాదాపు బయటపడదు. ఆ రెండు లైన్ల మధ్య కాంటెక్స్ట్ స్విచ్ జరగదు కాబట్టి నీ సీపీయూ దాటేదాకా గ్రేస్ పీరియడ్ ముగియదు. తప్పు తప్పుగానే ఉండి, అదృష్టం కాపాడుతుంది. ఎవరో కస్టమర్ ప్రీఎంప్షన్ ఉన్న కెర్నల్‌కి మారిన రోజున ఆ అదృష్టం అయిపోతుంది. "నా దగ్గర నెలరోజులు ఆగకుండా నడిచింది మామయ్యా" అని మాత్రం నాతో అనకు.

సరే, పెంపును అన్‌లాక్‌కి ముందుకు జరిపావు. సగమే బాగైంది. నువ్వు గొలుసులో సెషన్‌ను చూసే సమయానికి అటువైపు లెక్క సున్నాకు చేరి ఉండొచ్చు. గ్రేస్ పీరియడ్ నీ కోసం ఆగింది కాబట్టి మెమరీ ఇంకా ఉంది, కానీ విడుదల అప్పటికే వరుసలో ఉంది. నువ్వు సున్నాను ఒకటి చేసి "నాకు రిఫరెన్స్ దొరికింది" అనుకుంటావు. అన్‌లాక్ తర్వాత మెమరీ పోతుంది. తర్వాత నువ్వు వదిలినప్పుడు లెక్క మళ్ళీ సున్నా అయితే అదే మెమరీకి రెండో విడుదల. ఉత్త అటామిక్ లెక్క వాడితే ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది. కెర్నల్ 4.11తో వచ్చిన రిఫ్‌కౌంట్_టీ అయితే సున్నా మీద పెంచినప్పుడు కనీసం అరుస్తుంది. కాబట్టి రిఫ్‌కౌంట్_టీనే పెట్టుకో. లోపల ఉండగానే రిఫ్‌కౌంట్_ఇంక్_నాట్_జీరో (సున్నా కాకపోతేనే పెంచేది) పిలువు. అది కాదంటే ఆ సెషన్ లేనట్టే లెక్క, బతిమాలకు. చివరి రిఫరెన్స్ వదిలేచోట నేరుగా కేఫ్రీ ఉంటే ఇదంతా వృథా, అక్కడ కేఫ్రీ_ఆర్‌సీయూ ఉండాలి. రేపెప్పుడైనా స్లాబ్_టైప్‌సేఫ్_బై_ఆర్‌సీయూకి (విడుదలైన చోటును గ్రేస్ పీరియడ్ కోసం ఆగకుండా అదే రకం వస్తువుకు ఇచ్చే పద్ధతికి) మారితే, రిఫరెన్స్ దొరికాక కీని మళ్ళీ సరిచూడు. అదే చోట వేరే సెషన్ కూర్చుని ఉండొచ్చు.

నిన్ను తక్కువ చేసి చెప్పడం లేదు. 2023లో బయటపడ్డ స్టాక్‌రాట్ అనే లినక్స్ భద్రతా లోపం గుర్తుందా? 6.1 నుంచి 6.4 దాకా కెర్నల్ మెమరీ నిర్వహణలోనే ఉంది. మేపుల్ ట్రీ (మెమరీ ప్రాంతాల పట్టిక) నోడ్లను ఆర్‌సీయూ కాల్‌బ్యాక్‌తో, అంటే గ్రేస్ పీరియడ్ తర్వాత నడిచే ఫంక్షన్‌తో, విడుదల చేశారు. చదివేవాళ్ళలో కొందరు ఎంమ్యాప్ రీడ్ లాక్ (ఆ పట్టికకున్న మామూలు తాళం) మాత్రమే పట్టుకున్నారు, ఆర్‌సీయూ లోపల లేరు. గ్రేస్ పీరియడ్‌కి వాళ్ళు కనిపించలేదు. పెద్ద చేతుల కింద కూడా ఇదే సందు.

మాడ్యూల్ దించేచోట ఇంకో గొయ్యి ఉంది. కాల్_ఆర్‌సీయూకి నీ సొంత ఫంక్షన్ ఇచ్చి ఉంటే, ఆ ఫంక్షన్ నీ మాడ్యూల్ కోడ్‌లోనే ఉంటుంది. సింక్రనైజ్_ఆర్‌సీయూ రీడర్ల కోసం ఆగుతుంది గానీ వరుసలో ఉన్న కాల్‌బ్యాక్‌ల కోసం ఆగదు. మాడ్యూల్ పోయాక కాల్‌బ్యాక్ నడిస్తే అక్కడ కోడ్ ఉండదు. ముందు కొత్త కాల్_ఆర్‌సీయూలు రాకుండా అన్నీ అన్‌రిజిస్టర్ చెయ్యి, తర్వాత ఆర్‌సీయూ_బ్యారియర్ (వరుసలో ఉన్న కాల్‌బ్యాక్‌లు ముగిసేదాకా ఆగేది), ఆ తర్వాతే స్లాబ్ కాష్‌ను తీసెయ్యి.

నీ ప్యాచ్‌ను పాత కెర్నళ్ళకు కూడా వెనక్కి పంపుతారని విన్నాను. 2002 అక్టోబరులో 2.5.43తో వచ్చినప్పుడు ఆర్‌సీయూ ఒకటే. తర్వాత బీహెచ్ అనీ షెడ్ అనీ వేర్వేరు రకాలు పుట్టాయి. ఒక రకం లాక్‌కి ఇంకో రకం సింక్రనైజ్ జత చేసి ఎందరో దెబ్బతిన్నారు. 4.20లో వాటిని కలిపేశారు. అవి కలిసిపోయిన కాలంలో నువ్వు పని నేర్చుకున్నావు. 4.19లోకి పెట్టేటప్పుడు ప్రతి జతనూ చేత్తో సరిచూడు.

పరీక్షకు ప్రీఎంప్షన్ ఉన్న కెర్నల్‌నే కట్టు. ఇలాంటి తప్పులు పట్టే కేఏశాన్, ప్రూవ్_ఆర్‌సీయూ, డీబగ్_ఆబ్జెక్ట్స్_ఆర్‌సీయూ_హెడ్ ఆన్ చెయ్యి. పాయింటర్లకు __ఆర్‌సీయూ గుర్తు పెట్టి స్పార్స్ (కోడ్ నడపకుండానే తప్పులు వెతికేది) నడుపు. సెషన్ దొరకడానికీ రిఫ్‌కౌంట్ పెంచడానికీ మధ్య కావాలనే ఒక యూడిలే (కాసేపు ఆపే ఫంక్షన్) పెట్టు. ఒక థ్రెడ్ సెషన్లు పుట్టించి చంపుతూ ఉండాలి, మిగతావి వెతుకుతూ ఉండాలి. రాత్రంతా వదిలెయ్. 21 సెకన్లకు స్టాల్ హెచ్చరిక (గ్రేస్ పీరియడ్ ముగియడం లేదని) వస్తే టైమవుట్ పెంచేసి నోరు మూయించకు. లోపల ఎవరో ఇరుక్కున్నారని అది చెబుతోంది.

ప్యాచ్ పంపేముందు నాకు చూపించు. మొత్తం అక్కర్లేదు, లుకప్, క్లోజ్, మాడ్యూల్ ఎగ్జిట్, ఈ మూడు ఫంక్షన్లు చాలు. ఆదివారం పొద్దున్న ఖాళీగానే ఉంటాను. మీ అమ్మతో మాత్రం లాక్ ఉందనే చెప్పు. స్పిన్‌లాక్ ఉంది కదా, అది అబద్ధం కాదు.

నీ మామయ్య