ఇంట్లో ట్యాపెట్లు సెట్ చేసుకోవడానికి సాకెట్ బాక్సు కొనాలా?

బైకు ట్యాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండాల్సిన సన్నని సందు, ఇంట్లోనే సెట్ చేసుకుంటాను, 46 ముక్కల సాకెట్ బాక్సు సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. నేను ఆ బాక్సే కొని దెబ్బతిన్నాను.

మాది రాయగడ, నాది పాత 100 సీసీ బండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల కట్ట) ఆకు పెట్టి రాకర్ చివరి స్క్రూ సరిచూసుకుని, ఆ స్క్రూ కదలకుండా ఆపే లాక్ నట్ మీద సాకెట్ దించి బిగించాను. సాకెట్ దిగిందంటే స్క్రూ తల దాని లోపలికి వెళ్ళిపోతుంది, పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నట్టుతో పాటే స్క్రూ తిరిగి సందు మూసుకుపోయింది. మర్నాడు పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్టయింది. టిక్ టిక్ చప్పుడు కూడా పోయిందని సంతోషపడ్డాను. అమ్మని ఎక్కించుకుని పార్వతీపురం వెళ్ళి తిరిగొస్తుంటే, కొమరాడ దాటాక మిట్టమధ్యాహ్నం ఎండలో ఆగిపోయింది. కిక్ కొడితే కాలికి బరువే తగల్లేదు. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్ ఎక్కడుంటుంది? ముప్పావుగంట చెట్టు కింద కూర్చున్నాక, ఇంజిన్ చల్లారి కదిలింది. అమ్మ ఒక్క మాటైనా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధేసింది.

లారీ మెకానిక్కైన మా మావయ్య మూత విప్పి చూసి, "స్క్రూ నువ్వు పట్టుకోకపోతే అది నీ మాటెందుకు వింటుందిరా?" అన్నాడు.

అందుకే రింగ్ పానా కొనండి, నట్టుని పట్టుకున్నా మధ్యలోంచి స్క్రూ తల అందుతుంది. మా బండికి 9 నంబరు పట్టింది. స్క్రూ తల కొన్నిటికి చదరంగా ఉంటుంది, కొన్నిటికి స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది, విప్పి చూసుకుని దానికి తగ్గ కీ తెచ్చుకోండి.

గేజ్ దగ్గరే అందరూ మోసపోతారు. మామూలు 13 ఆకుల గేజ్‌లో 0.05 మి.మీ. తర్వాత నేరుగా 0.10 ఉంటుంది. 20 ఆకులదైనా చాలావాటిలో 0.05 చొప్పునే పెరుగుతుంది. మీ బండి మాన్యువల్‌లో 0.08 అని ఉంటే ఇన్ని ఆకులుండి ఏం లాభం? 0.02, 0.03 ఉన్నదే అడగండి, 0.05కి 0.03 జతచేస్తే 0.08 అవుతుంది. ఆకు చివర వంపు ఉంటే ఇరుకు కన్నంలోకి సులువుగా వెళ్తుంది.

వేడి ఇంజిన్ మీద చెవితో విని సెట్ చేసే మెకానిక్కులంటే నాకు ఒళ్ళు మండుతుంది. చప్పుడు లేకపోతే బండి బాగున్నట్టని కస్టమర్లకీ అలవాటు చేశారు. సన్నగా టిక్ టిక్ ఉండాలండీ! బిగుసుకున్న ట్యాపెట్టు చప్పుడు చెయ్యకుండానే వాల్వుని కాల్చేస్తుంది.

రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, టి గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చెప్పే గీత) కలిసి రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నప్పుడే పని మొదలుపెట్టండి. కీతో స్క్రూని కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. బిగించాక ఆకు మళ్ళీ పెట్టి చూడకుండా మాత్రం మూత వెయ్యకండి.