తెరచాప పడవ: వైరు ఎంత బిగించాలి?

ప్రశ్న: మేము డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. పోయిన ఏడాది పాత కాటలీనా 22 తెరచాప పడవ ఒకటి కొని లేక్ రే హబ్బర్డ్‌లో పెట్టుకున్నాం. మాస్ట్‌ని (చాప కట్టే నిలువు స్తంభాన్ని) నిలబెట్టే వైర్లు ఎంత బిగించాలన్న దాని మీద తలా ఒక మాట చెబుతున్నారు. పక్క పడవాయన చేత్తో లాగి చూస్తే చాలంటారు. నేను లూస్ గేజ్ (వైరు బిగువు కొలిచే పరికరం) కొన్నాను. కుడి పక్క పై ష్రౌడ్ (మాస్ట్ కొస నుంచి పడవ పక్కకి దిగే వైరు) మీద 20, ఎడమ పక్క 14 చూపిస్తోంది. అంటే 20 శాతం టెన్షన్ ఉన్నట్టా? గాలి గట్టిగా వీస్తే ఒక పక్క వైరు ఊయలలా ఊగుతోంది, అది చూసి మా ఆవిడ పడవ ఎక్కనంటోంది. వైరు మందం 1/8 అంగుళం.

జవాబు: ముందు ఆ 20 సంగతి తేల్చుకుందాం. అది శాతం కాదు, పౌండ్లూ కాదు. గేజ్ వైరుని కాస్త వంచి, ఎంత వంగిందో ఒక అంకెగా చూపిస్తుంది, అంతే. ఆ అంకెని గేజ్‌తో వచ్చిన పట్టికలో మీ వైరు మందానికి ఎదురుగా చూసి పౌండ్లలోకి మార్చుకోవాలి. అదే 20 సన్న వైరుకి ఒక లెక్క, లావు వైరుకి ఇంకో లెక్క. మీ గేజ్ ఏ మోడలో కూడా చూడండి. పీటీ-1 అయితే 3/32, 1/8, 5/32 అంగుళాల వైర్లకి పనికొస్తుంది, పీటీ-2 అంతకంటే లావు వైర్లకి.

ఇక శాతం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, వైరు తెగిపోయే బరువులో ఎన్నో వంతు దాని మీద ముందుగానే బిగించి పెట్టాం అని. 304 గ్రేడు స్టీలులో 19 పోగుల 1/8 అంగుళం వైరు దాదాపు 2100 పౌండ్ల దగ్గర తెగుతుంది. మీ పడవలో ఫోర్‌స్టే, అదే ముందు వైపు వైరు, మాస్ట్ కొసదాకా వెళుతుంది కాబట్టి పై ష్రౌడ్లకి అందులో 10 నుంచి 12 శాతం, అంటే 210 నుంచి 250 పౌండ్లు పెట్టి మొదలుపెట్టండి. ఫోర్‌స్టేకి 15 శాతం దాకా వెళ్లొచ్చు. కింది ష్రౌడ్లు (మాస్ట్ నడుము దగ్గర నుంచి దిగేవి) పై వాటికన్నా కొంచెం తక్కువగా ఉండాలి. (మాస్ట్ మధ్యలోని అడ్డకర్రలు, అదే స్ప్రెడర్లు, వెనక్కి వాలి ఉన్న పడవలకి లెక్క వేరు, అక్కడ ఇంకా ఎక్కువ బిగించాలి. మీకు అది వర్తించదు.)

వైరు వదులుగా ఉంటే పడవ మీద బరువు పడదు, అదే మంచిది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పక్క పడవాయన కూడా అలాగే అనుకుంటున్నారేమో. కానీ వదులు వైరే ఎక్కువ ప్రమాదం. ప్రతి అలకీ మాస్ట్ అటూ ఇటూ తూలుతుంది, తూలిన ప్రతిసారీ వైరు ఒక్క కుదుపుతో బిగుసుకుంటుంది, ఆ కుదుపు మీరు బిగించే 250 పౌండ్ల కంటే ఎంతో ఎక్కువ ఉండొచ్చు. పైగా ఊగే వైరు కింది మొన దగ్గర ఒకేచోట వంగుతూ లేస్తూ ఉంటుంది, ఇనుప తీగని చేత్తో అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అదే పని అక్కడ నెమ్మదిగా జరుగుతుంది. కాబట్టి మీ ఆవిడ భయపడటంలో న్యాయం ఉంది.

ఇప్పుడు పని. నా అనుభవంలో గేజ్ రెండో మెట్టులో తీయాల్సిన వస్తువు. మొదట మాస్ట్ నిటారుగా ఉందా అని చూడాలి, ఎందుకంటే వంకరగా ఉన్న మాస్ట్‌ని సరైన అంకెకి బిగిస్తే వంకరే గట్టిపడుతుంది. గాలి లేని ఉదయం, పడవ నీళ్లలో ఉండగా, చాపలు దించేసి, మనుషులు ఒక పక్కకి చేరకుండా మొదలుపెట్టండి. కింది ష్రౌడ్లు వదులు చేయండి. పెద్ద చాప ఎత్తే తాడుకి టేపు కట్టి కొసదాకా ఎత్తి, పడవ అంచు మీద కుడి పక్క ఒక చోటికి, ఎడమ పక్క సరిగ్గా దాని ఎదురు చోటికి కొలవండి. రెండూ సమానమయ్యేదాకా పై ష్రౌడ్ల టర్న్‌బకిల్స్ (వైరు కింద ఉండే బిగింపు మరలు) తిప్పండి. మీకు 20, 14 వచ్చాయంటే మాస్ట్ ఒక పక్కకి లాగబడి ఉందని కాదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. నీళ్లలో తేలే పడవలో రెండు పక్కలా లాగుడు దాదాపు సమానంగా ఉండాలి. అంత తేడా వస్తే ముందు అనుమానించాల్సింది కొలతని: గేజ్‌ని రెండు పక్కలా ఒకే ఎత్తులో పెట్టారా, కింది ష్రౌడ్లు ఒక పక్కే బిగిసి ఉన్నాయా చూడండి.

మధ్యకి వచ్చాక ఒక పక్క ఒక చుట్టు, రెండో పక్క ఒక చుట్టు, అలా మార్చి మార్చి బిగిస్తూ పోండి. రెండు మూడు చుట్లకోసారి మాస్ట్ మొదట్లో చెంప ఆనించి, చాప జారే గాడి వెంట పైకి చూడండి. ఆ గాడి గీత గీసినట్టు ఉండాలి. తర్వాత కింది ష్రౌడ్లు, ముందువి వెనకవాటికంటే కాస్త ఎక్కువ, మాస్ట్ నడుము ఒక పిసరు ముందుకి వచ్చేలా. చుట్లు తిప్పుతూనే ఉన్నా గేజ్ అంకె పెరగడం లేదంటే అక్కడే ఆపేయండి. ఎక్కడో ఏదో లొంగిపోతోందన్నమాట. ఈ పడవల్లో మాస్ట్ డెక్ (పడవ పై కప్పు) మీద నిలబడుతుంది కాబట్టి దాని కింద డెక్ కుంగిందేమో, ష్రౌడ్లు తగిలించే చెయిన్‌ప్లేట్ల దగ్గర చెక్క నానిందేమో చూసుకోవాలి.

ఆఖరి పరీక్ష నీళ్ల మీదే. 10, 12 నాట్ల (గంటకి దాదాపు 20 కిలోమీటర్ల) గాలిలో పడవని గాలికి వీలైనంత ఎదురుగా నడపండి. పడవ 15 డిగ్రీలు వాలినప్పుడు గాలి పోయే వైపు పై ష్రౌడ్ బిగువు తగ్గాలి గానీ వేలాడకూడదు. అప్పుడు గాడి వెంట మళ్లీ పైకి చూడండి. కొస గాలి పోయే వైపు ఒరిగితే పై ష్రౌడ్లు చాలలేదు, నడుము అటు పొంగితే కింది ష్రౌడ్లు చాలలేదు. పడవ తిప్పి, బరువు లేని వైపు టర్న్‌బకిల్‌ని అర చుట్టు తిప్పి, మళ్లీ తిరిగొచ్చి రెండో పక్క కూడా అంతే తిప్పండి. బరువు మీద ఉన్న టర్న్‌బకిల్‌ని ఎప్పుడూ తిప్పొద్దు, మరలు అరిగిపోతాయి.

టెక్సాస్ కాబట్టి ఇంకొక మాట. అల్యూమినియం ఎండకి స్టీలుకంటే ఎక్కువ సాగుతుంది. జనవరిలో బిగించిన వైర్లు ఆగస్టుకి 30 సెల్సియస్ డిగ్రీల తేడాతో ఇంకాస్త బిగుస్తాయి, పడవ ఏమాత్రం లొంగకపోతే తెగే బరువులో 2 శాతానికి కాస్త తక్కువ. చలికాలంలో వదులైతే కంగారు పడకండి, కొలిచిన రోజు ఎంత ఎండగా ఉందో అంకె పక్కన రాసుకోండి.

ప్రశ్న: గేజ్ లేకుండా కొలిచే దారి ఉందా?

జవాబు: ఉంది, నాకు గేజ్ కన్నా అదే ఎక్కువ ఇష్టం. మాస్టులు చేసే స్వీడన్ కంపెనీ సెల్డెన్ తన పుస్తకంలో చెప్పే పద్ధతి ఇది. 19 పోగుల వైరు 2 మీటర్ల పొడవులో 1 మిల్లీమీటరు సాగితే అది తెగే బరువులో 5 శాతం ఉన్నట్టు. వైరు మందం ఎంతైనా ఇదే లెక్క, ఎందుకంటే మందం పెరిగితే సాగదీసే బరువూ తెగే బరువూ కలిసే పెరుగుతాయి. 2 మీటర్ల మడత స్కేలు తీసుకుని, వైరు వేలాడకుండా ఉండేంతవరకే చేత్తో బిగించి, స్కేలు పై కొసని వైరుకి గట్టిగా టేపు వేయండి. కింది కొస వదులుగా ఉండాలి, అది ఎక్కడుందో వైరు మీద గుర్తు పెట్టండి. బిగిస్తుంటే గుర్తు స్కేలు కొస నుంచి కిందికి జరుగుతుంది. రెండున్నర మిల్లీమీటర్లు జరిగితే పన్నెండున్నర శాతం. రెండో పక్క బిగించినప్పుడు మొదటి పక్కా పెరుగుతుంది కాబట్టి సగం సగం చేసుకుంటూ పోవాలి.

ప్రశ్న: సియాటెల్ దగ్గర ఉప్పునీటిలో ఉంటుంది మా పడవ. వెనక వైరు కింది మొనలో ఒక్క పోగు తెగింది. 19లో ఒకటే కదా, టెన్షన్ తగ్గించి ఈ సీజను లాగేయొచ్చా?

జవాబు: వద్దు. మిగతా 18 పోగులూ అదే వయసువి, అదే ఉప్పు తిన్నవి. ఆ వైరు మార్చేదాకా చాప ఎత్తకండి. ఎప్పుడు వేశారో తెలియని వైర్లయితే అన్నీ కలిపి మార్చేయండి, ఉప్పునీటి పడవలకి 10, 15 ఏళ్లకోసారి మార్చమని చాలామంది రిగ్గర్లు (మాస్ట్, వైర్ల పని చేసేవాళ్లు) చెప్పేది ఇందుకే. మిగతావాటి మీద దూది ముక్క నడిపి చూడండి, తెగిన పోగు ఉంటే దూది పట్టుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి హుస్సేన్‌సాగర్‌లో ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న తెరచాప పడవ) నడిపేది, ఇప్పుడు 420కి (ఇద్దరు నడిపే పడవ) మారింది. కోచ్‌గారు రోజూ రిగ్ టెన్షన్ అంటున్నారు. ఆప్టిమిస్ట్‌లో ఈ మాటే వినలేదు, ఏమిటండీ ఇది?

జవాబు: వినకపోవడం సహజమే అమ్మా, ఆప్టిమిస్ట్ మాస్ట్‌కి వైర్లే ఉండవు, గుంటలో నిలబడుతుంది. 420కి ఉంటాయి, కానీ అక్కడ టర్న్‌బకిల్‌తో బిగించరు. పడవ ముందువైపు చాపని ఎత్తే తాడునే గట్టిగా లాగి బిగిస్తారు. ఆ చాప అంచులోని వైరే బరువంతా మోస్తుంది, ఫోర్‌స్టే వదులైపోతుంది. ష్రౌడ్ల పొడవు కింద చిల్లుల పట్టీలో పిన్ను మార్చి సరిచేస్తారు, దానితో మాస్ట్ వెనక్కి ఎంత వాలాలో తేలుతుంది. కాబట్టి అమ్మాయి నేర్చుకోవాల్సిన వరస: మొదట ముందువైపు చాప ఎత్తి తాడు లాగాలి, తర్వాత ష్రౌడ్ మీద గేజ్ పెట్టాలి, ఆ బిగువులోనే మాస్ట్ కొస నుంచి వెనక అంచుదాకా టేపుతో కొలవాలి. ఏ గాలికి ఎంత అన్నది చాప తయారుచేసినవాళ్లు పట్టికగా ఇస్తారు, దానితో మొదలుపెట్టి తన అంకెలు తనే ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

పిన్నులకి వేసే చిన్న రింగుల మీద రోజూ టేపు చుట్టమని మాత్రం నా మాటగా చెప్పండి. చాలా ఏళ్ల కింద నేను ఎక్కిన పడవలో ఆ రింగు ఒకటి తాడుకి తగులుకుని ఊడింది, పిన్ను జారింది, పెద్ద గాలేమీ లేకుండానే మాస్ట్ మా మధ్యలో పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఒడ్డుకి వచ్చాక తాడు వదులు చేసి పెట్టడం కూడా మర్చిపోవద్దు, రాత్రంతా బిగువులో ఉంచితే పడవ అడుగు అలిసిపోతుంది.