మఫ్లర్ (సైలెన్సర్) తెరిచాక చైన్ రంపం దుంగలో చచ్చిపోతుంటే ముందు కార్బొరేటర్ చూడండి

అన్నా, పాత 60 సీసీ రంపానికి కొత్త పిస్టన్ వేసి మఫ్లర్ ఓపెన్ చేశాక, ఖాళీగా బాగానే అరుస్తోంది గానీ తుమ్మ దుంగలో పెట్టగానే చచ్చిపోతోంది అన్నారు కదా, అది లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అయినట్టుంది, దయచేసి ఇంక కోయకండి. పొగ దారి పెద్దదైతే గాలి ఎక్కువ లాగుతుంది, పెట్రోలు మాత్రం దానికి సరిపడా రాదు, పిస్టన్ పట్టేస్తుంది, నాది అలాగే పోయింది, ఎగ్జాస్ట్ వైపు నిలువు గీతలు పడ్డాయి. ఇంజన్ వేడెక్కాక కార్బొరేటర్ మీద ఫుల్ రేస్ పెట్రోలు సర్దే హెచ్ స్క్రూని చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున ఎడమకి తిప్పండి, ఖాళీగా ఫుల్ రేస్‌లో కాస్త గరగరలాడాలి, కట్టెలో దిగగానే ఆ గరగర పోయి సాఫీ అవ్వాలి. అప్పటికీ రేస్ నిలవకపోతే క్రాంక్ సీల్స్ (క్రాంక్ షాఫ్ట్ చివర్లలో గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) దగ్గర గాలి లీకు చూడండి, దాన్ని స్క్రూతో కప్పిపెట్టొద్దు. పోర్టింగ్ (సిలిండర్ లోపలి దారులు అరగదీసి పెద్దవి చేయడం) సంగతి తర్వాత చూద్దాం, ముందు చైన్ పదును పట్టి డెప్త్ గేజ్ (పంటి ముందుండే చిన్న బొడిపె) పంటి మొన కంటే 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉందేమో చూసుకోండి.