నీళ్లు తగిలితే లేచేవి, నీళ్లు తగిలితే చచ్చేవి: పాడి, చేపల రైతుల ప్రశ్నలు

తొలకరి పడగానే వంశధార, బాహుదా ఒడ్డున హేచరీలన్నీ పనిలో పడతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మగచేప పాల (వీర్యం) గురించే. రెండు మాత్రం పశువుల గురించి. వాటినీ ఇక్కడే కలిపాం, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

గడ్డిచేపకు, వెండిచేపకు ఓవాప్రిమ్ (గుడ్లు వదిలించే హార్మోన్ సూది) ఇచ్చి, పొట్ట నొక్కి గుడ్లు తీస్తున్నాం. మగచేప పాలు చిక్కగానే వస్తున్నాయి. అయినా సాయంత్రానికి సగం పైగా గుడ్లు చచ్చి తెల్లబడిపోతున్నాయి. చేపను తొట్టిలోంచి తీసి తడి మీదే పిండుతున్నాం. లోపం ఆడదానిదా, మగదానిదా?
– హేచరీ రైతు, పర్లాకిమిడి

ముందు అనుమానించాల్సింది తడినే. అసలు లోపమేమిటో మీ ఉత్తరంలో మీరే రాశారు.

మగచేప పొట్టలో ఉన్నంతసేపూ వీర్యకణం కదలదు. అది ఉండే ద్రవంలో లవణాల గాఢత సుమారు 300 మిల్లీఆస్మోల్ (ద్రవంలో కరిగిన వాటి మొత్తాన్ని కొలిచే లెక్క). చెరువు నీరు తగిలి ఆ గాఢత పడిపోగానే తోక కొట్టుకోవడం మొదలవుతుంది. తోకకు కావలసిన ఇంధనం ఏటీపీ. కణం నిద్రలో ఉన్నప్పుడే, మెడ దగ్గరున్న కొద్దిపాటి మైటోకాండ్రియాలు ఆక్సిజన్ వాడుకుని దాన్ని తయారుచేసి దాచిపెడతాయి. కదలిక మొదలయ్యాక తోక ఖర్చు చేసే వేగాన్ని ఆ తయారీ అందుకోలేదు. జేబులో ఉన్నది ఖర్చయితే ఆట ముగిసినట్టే. మంచినీటి కార్పుల్లో గట్టి ఈత నిమిషం కూడా ఉండదు.

గుడ్డు వైపు ఇంకో గడియారం నడుస్తుంది. చేప వీర్యకణానికి పశువుల కణానికున్నట్టు గుడ్డు పొరను కరిగించే టోపీ లేదు. గుడ్డు మీదున్న ఒకే ఒక్క సూక్ష్మ రంధ్రంలోంచి దూరాలి. నీళ్లు తగిలి గుడ్డు ఉబ్బే కొద్దీ ఆ రంధ్రం మూసుకుపోతుంది. రెండు గడియారాలూ మొదలయ్యేది నీటితోనే కాబట్టి, పాలూ గుడ్లూ బాగా కలిసిన తర్వాతే నీళ్లు పోయాలి. మీరు తడి చేపను పిండితే కణాలు బేసిన్‌లో పడకముందే లేచి, గుడ్డు దగ్గరికి చేరేసరికి ఖాళీ జేబుతో ఉంటాయి.

చేపను తడి గుడ్డలో పట్టుకోండి, కానీ మలద్వారం చుట్టూ, పొట్ట కింద, రెక్కల మొదట్లో పొడి గుడ్డతో తుడవండి. బేసిన్, చేతులు ఎండినవై ఉండాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: మూత్రం. కార్పుల్లో మూత్రమూ పాలూ దగ్గరదగ్గరే బయటికొస్తాయి, మూత్రం కూడా పలుచనే. అందుకే ముందు వెనక భాగాన్ని మెల్లగా నొక్కి మూత్రం పోనివ్వండి, మొదట వచ్చిన చుక్కలు పారబోయండి. పలచగా, నీళ్లనీళ్లుగా వచ్చిన పాలను మంచి పాలలో కలపొద్దు. ఒక ఆడచేప గుడ్లకు కనీసం రెండు మగచేపల పాలు తీసుకోండి, ఒకటి బాగోలేకపోయినా రెండోది ఆదుకుంటుంది. కిలో గుడ్లకు 10 మి.లీ. పాలు చాలు. కోడి ఈకతో ఒకటి రెండు నిమిషాలు పొడిగానే కలిపి, అప్పుడు గుడ్లు మునిగేలా శుభ్రమైన నీళ్లు పోసి ఇంకో నిమిషం తిప్పండి. తర్వాత మూడు నాలుగుసార్లు కడిగి హేచరీ తొట్టిలోకి వదలండి.

మైక్రోస్కోప్ ఉంటే ఇంకా తేలిక. గుండుసూది మొనకు అంటినంత పాలు గాజుపలక మీద పెట్టి ముందు పొడిగానే చూడండి. అంతా నిశ్చలంగా, మసకగా ఉండాలి. అప్పుడే ఎక్కడో మెలికలు తిరుగుతుంటే ఆ పాలకు నీరో మూత్రమో తగిలిందన్నమాట. కన్ను మైక్రోస్కోప్ మీదే ఉంచి, పక్కవాళ్లతో ఒక నీటిచుక్క వేయించండి. వెంటనే మొత్తం మరుగుతున్నట్టు కదలాలి. పది పదిహేను సెకన్లలో చూడాల్సింది చూసేయాలి. ఫోకస్ సరిచేసుకునేలోపే కదలిక ఆగిపోతుంది, ఆగింది చూసి ‘పాలు చచ్చాయి’ అనుకుని మంచి మగచేపను పక్కన పడేసినవాళ్లున్నారు.

పాలు బాగుండీ గుడ్లు తెల్లబడుతుంటే అప్పుడు ఆడచేపను చూడండి. గుడ్లు అండాశయం నుంచి విడివడ్డాక పిండడం ఆలస్యమైతే పొట్టలోనే పక్వం మించిపోతాయి. వాటికి ఎంత మంచి పాలు పోసినా ప్రయోజనం లేదు.

(మన దేశంలో ఈ సూది పని నిలదొక్కుకున్నది ఒడిశాలోనే. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, కె.హెచ్. అలీకున్హి పీయూష గ్రంథి రసం ఎక్కించి మన కార్పులతో గుడ్లు పెట్టించారు. జూలై 10న చేపల రైతుల దినం జరుపుకునేది అందుకే.)

బంగారుతీగ (కామన్ కార్ప్) గుడ్లు ఉండకట్టి అతుక్కుపోతున్నాయి. ఉప్పు, యూరియా కలిపిన నీళ్లు వాడమన్నారు. ఎంత కలపాలి? యూరియా పాలను చంపదా?
– ఇచ్ఛాపురం

లీటరు నీటికి 4 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు, 3 గ్రాముల యూరియా. చంపదు సరికదా, ఆయుష్షు పెంచుతుంది. ఉప్పు నుంచి సుమారు 137, యూరియా నుంచి 50, మొత్తం 187 మిల్లీఆస్మోల్ వస్తుంది. కణాన్ని లేపడానికి అది తగినంత పలుచన, అలాగని ఉత్త నీరంత పలుచనా కాదు. ఉత్త నీటిలో కణంలోకి నీరు చొరబడి తోక పొర ఉబ్బి చుట్టుకుపోతుంది. ఈ నీటిలో ఆ దెబ్బ తగ్గుతుంది, ఈత చాలాసేపు సాగుతుంది. గుడ్డు జిగురూ విడుతుంది.

మొదట పొడిగా కలపండి, తర్వాత ఈ నీరు కొంచెం పోసి తిప్పండి. గుడ్లు ఉబ్బే కొద్దీ ఇంకా పోస్తూ, పాతది వంపేస్తూ గంట పైగా ఈకతో తిప్పుతూనే ఉండాలి. చేయి నొప్పి పుడుతుంది, అయినా మధ్యలో ఆపితే అతుక్కుంటాయి. చివర్లో 10 లీటర్ల నీటికి 5 గ్రాముల టానిక్ ఆమ్లం కలిపి కొన్ని సెకన్లు మాత్రం ముంచి వెంటనే కడగండి. ఎక్కువసేపు ఉంచితే గుడ్డు పొర గట్టిపడి పిల్ల బయటికి రాలేదు.

పొరపాటున ఉప్పు 9 గ్రాములు వేస్తే కథ తిరగబడుతుంది. అది రక్తమంత గాఢత, కణాలు లేవనే లేవవు. పొలంలో చల్లే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, దాన్ని గుడ్ల మీద పోయకండి. ప్రయోగశాలలకు అమ్మే యూరియా కొనండి.

మగచేప పాలు తీసి గుణుపూర్ హేచరీకి పంపాలి. ఐసులో పెట్టి సీసా మూత బిగిస్తే సరిపోతుందా? గ్లూకోజ్ కలిపితే బలమా?
– పాతపట్నం

మూత బిగిస్తే ఊపిరాడక పోతాయి. ఒక్క మి.లీ. కార్పు పాలలో కణాలు వెయ్యి కోట్ల పైమాటే. కదలకపోయినా అవన్నీ ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటాయి, ఏటీపీ నిల్వ కట్టేది దానితోనే. సీసా నిండా పోస్తే అడుగున ఉన్నవాటికి గాలి అందదు. వెడల్పాటి పొడి పళ్లెంలో రెండు మూడు మి.మీ. మందానికి మించకుండా పోసి, మూత వదులుగా పెట్టి, కింద ఐసు, మధ్యలో థర్మకోల్ ముక్క ఉంచండి. ఐసు కరిగిన చుక్క పాలలో పడిందా, అంతే సంగతులు. మూత లోపల పట్టే చెమట కూడా చుక్కే. పళ్లెం చేరాక మైక్రోస్కోప్‌లో చూశాకే గుడ్ల మీద పోయండి. గ్లూకోజ్ అక్కర్లేదు. నిమిషంలో అయిపోయే పరుగుకు దారిలో అన్నం మూట దేనికి?

స్ట్రాను (గడ్డకట్టించిన ఎద్దు వీర్యం ఉండే సన్నని గొట్టం) 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు పెట్టాలంటారు. చలికాలంలో మా కొండల్లో చేతుల మధ్య రుద్దో, జేబులో పెట్టుకునో పని కానిస్తున్నారు. తేడా ఏమిటి?
– పాడి రైతు, రాయగడ

తేడా చూలు నిలవడంలో కనిపిస్తుంది. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర కణంలో రసాయన చర్య ఏదీ జరగదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ప్రమాదమంతా పైకి వచ్చే దారిలోనే. మెల్లగా కరిగితే చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవై కణపు పొరను చీలుస్తాయి. అందుకే ఆ దారిని వేగంగా దాటించాలి. జేబు ఆ పని చేయదు. ఇంకో స్ట్రా వెతకడానికి క్యానిస్టర్‌ను (స్ట్రాలుంచే గిన్నె) నత్రజని కంటైనర్ మెడ పైకి ఎత్తి పట్టుకోవడం కూడా ఇదే తప్పు, దాని దెబ్బ మిగిలిన స్ట్రాలన్నింటికీ తగులుతుంది.

కరిగాక స్ట్రాను పూర్తిగా తుడవండి. చేపకు ప్రాణం పోసే నీటిచుక్కే ఎద్దు కణానికి విషం. కత్తిరించే చోట తడి ఉంటే కణాలు ఉబ్బి చస్తాయి. గన్‌ను (వీర్యం ఎక్కించే పరికరం) కాస్త వెచ్చబెట్టి, షీత్ (దాని ప్లాస్టిక్ తొడుగు) తొడిగి, పావుగంట లోపు పని ముగించండి. 37 డిగ్రీల నుంచి మళ్లీ చలిగాలికి వస్తే పొరలోని కొవ్వు గడ్డకట్టి కణం కారిపోతుంది.

ఎద్దు కణం చేపలా ఒక్క పరుగుది కాదు. తోక పొడవునా చక్కెరను విరిచే ఎంజైములున్నాయి. వీర్యంలోని చక్కెర ఫ్రక్టోజ్ అని 1946లో టాడియస్ మాన్ తేల్చాడు. దాన్ని ఆక్సిజన్ లేకుండానే లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుంటూ గంటల తరబడి సాగుతుంది. అయితే గర్భాశయంలో కొన్ని గంటలు గడిస్తేగానీ గుడ్డులో దూరే శక్తి దానికి రాదు. ఆవులో ఎద లక్షణాలు ఆగిన 10–12 గంటలకు గుడ్డు విడుదలవుతుంది. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయమనేది ఈ లెక్కతోనే. గడ్డకట్టి కరిగిన కణానికి ఆయుష్షు తక్కువ కాబట్టి, మరీ ముందుగా వేస్తే గుడ్డు వచ్చేసరికి అది ఉండదు.

పోతుమేక వీర్యాన్ని కోడిగుడ్డు సొన కలిపిన ద్రావణంలో వేస్తే కాసేపటికి పెరుగులా విరిగింది. గుడ్డు పాతదా?
– పశువైద్య విద్యార్థి, బరంపురం

గుడ్డు మంచిదే. పోతుమేక కౌపర్ గ్రంథి (వీర్యంలో కలిసే రసాన్నిచ్చే గ్రంథి) నుంచి వచ్చే ఒక ఎంజైమ్ సొనలోని లెసిథిన్ అనే కొవ్వును విరుస్తుంది. అప్పుడు పుట్టే లైసోలెసిథిన్ కణపు పొరనే తినేస్తుంది. వెన్న తీసిన పాలు వాడినా ఆ గ్రంథి రసం మిగిలిన కొవ్వును విరిచి ఇబ్బంది పెడుతుంది. వీర్యం తీయగానే లవణ ద్రావణంలో కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవం వంపేసి, ఒకటి రెండుసార్లు కడిగాకే సొన ద్రావణం కలపండి. ద్రావణాలన్నీ ఒకే వెచ్చదనంలో ఉండాలి. కడగడానికి ఉత్త నీరు మాత్రం వద్దు, కారణం పై జవాబులో ఉంది. లేదా సొన పాళ్లు బాగా తగ్గించండి: ఎద్దు వీర్యానికి 20 శాతం వేసే చోట మేకకు 2 శాతం దాకా దించి వాడేవారున్నారు.